ఆ చప్పుడు ఆరెక్స్‌ది

సాయంత్రం పూట టీ కొట్టు దగ్గర నలుగురు నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. వీధిలో బండ్లు వస్తుంటాయి, పోతుంటాయి, ఎవరూ తల తిప్పరు. ఇంతలో సందు చివర ఎక్కడో ఒక చప్పుడు మొదలవుతుంది. సన్నగా మొదలై, గొంతు పెంచుకుని, గేరు మారగానే ఒక్క క్షణం తగ్గి, మళ్లీ పైకి లేస్తుంది. మాటలు ఆగిపోతాయి. బండి ఇంకా కంటికి కనిపించదు. అయినా యాభై దాటిన వాళ్లలో ఎవరో ఒకరు అనేస్తారు: "ఆరెక్స్ హండ్రెడ్."

బండి వెళ్లిపోయాక కూడా ఆ నలుగురూ వెంటనే పాత మాటల్లో పడలేరు. ఒకరికి కాలేజీ రోజులు గుర్తొస్తాయి. ఒకరికి అన్నయ్య గుర్తొస్తాడు. మరొకాయన తన బండిని ఆ రోజుల్లో ఎంతకు వదిలేసుకున్నాడో చెప్పి, ఇప్పుడు దాని రేటెంతో చెప్పి, తల అడ్డంగా ఊపుతాడు.

తయారీ ఆగిపోయి దాదాపు ముప్పై ఏళ్లయిన బండి అది. మనుషుల్నే మరిచిపోతున్న రోజుల్లో ఒక యంత్రం చప్పుడు ఇంతమంది చెవుల్లో ఇంత భద్రంగా ఎలా ఉండిపోయిందా అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

యమహా ఆర్‌ఎక్స్ 100 మన రోడ్ల మీదికి 1985 చివర్లో వచ్చింది. జపాన్ యమహాతో చేయి కలిపి మన ఎస్కార్ట్స్ కంపెనీ దాన్ని తయారు చేసింది. 1996 దాకా చేస్తూ వచ్చింది. పదేళ్ల పైచిలుకు, అంతే.

దానికి ముందు మన వీధులు ఎలా ఉండేవో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. చేతక్ స్కూటరు బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. కొడుకు స్కూల్లో ఉండగా బుక్ చేస్తే కాలేజీకి వెళ్లేనాటికి చేతికొచ్చిందని చెప్పుకునే ఇళ్లున్నాయి. హైదరాబాద్‌లో ఆల్విన్ వాళ్లు పుష్పక్ స్కూటరు చేసేవాళ్లు. పాలవాళ్ల దగ్గర, పొలం పనులున్న వాళ్ల దగ్గర రాజ్‌దూత్ ఉండేది. మోతుబరి ఇంటి ముందు మద్రాసులో తయారైన బుల్లెట్టు, కాస్త షోకున్న కుర్రాళ్ల దగ్గర మైసూరు నుంచి వచ్చిన యెజ్డీ. ఏ బండి అయినా బరువే. స్టాండు వేయాలంటే నడుం పట్టేది.

ఎనభైల నడుమ తలుపులు కొంచెం తెరుచుకున్నాయి. జపాన్‌లోని నాలుగు పెద్ద మోటారు సైకిల్ కంపెనీలూ మన దగ్గర ఒక్కొక్కరితో జత కట్టాయి. హోండా హీరోతో, సుజుకి టీవీఎస్‌తో, కవాసకి బజాజ్‌తో, యమహా ఎస్కార్ట్స్‌తో. నలుగురూ తెచ్చింది వంద సీసీ బండ్లనే. రెండు మూడేళ్లలో మన వీధుల చప్పుడు మారిపోయింది.

యమహా, ఎస్కార్ట్స్ అంతకు ముందే ఒక పెద్ద బండి తెచ్చి చూశాయి. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 అది. రెండు సిలిండర్లు, మన దేశం అంతకు ముందు ఎరగని వేగం. కానీ దాని ఖరీదు భరించే వాళ్లూ, దాని పెట్రోలు దాహం తీర్చే వాళ్లూ ఎంతమంది ఉంటారు? చూసి మురిసిన వాళ్లు ఎక్కువ, కొన్న వాళ్లు తక్కువ. 1989 కల్లా అది ఆగిపోయింది. మామూలు జీతగాడి ఇంటి ముందు నిలబడగలిగే చిన్న బండిలో ఆ ఉత్సాహాన్ని కూర్చి ఇవ్వడం ఆర్‌ఎక్స్‌కే కుదిరింది.

చూడ్డానికి ఏముంది అందులో? గుండ్రటి హెడ్‌లైటు. సన్నటి ట్యాంకు. ఇద్దరికి సుఖంగా, స్నేహితులైతే ముగ్గురికి సరిపోయే బల్లపరుపు సీటు. చీర కొంగు చక్రంలో పడకుండా వెనక ఎడమ పక్కన ఇనుప గార్డు. ఎరుపో, నీలమో, నలుపో. రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. సెల్ఫ్ స్టార్టు మాటే లేదు, కిక్కు కొట్టాల్సిందే.

ఇంజను 98 సీసీ. సిలిండరు అడ్డం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ నడిచే దూరం కూడా 50 మిల్లీమీటర్లే. అరచేతిలో ఇమిడిపోయే పిస్టన్ అది. అంత చిన్న దాన్నుంచి 11 గుర్రాల బలం వచ్చేది. అదే రోజుల్లో హీరో హోండా సీడీ 100 బలం ఏడు, ఏడున్నర గుర్రాలు. ఆర్‌ఎక్స్ బండి మొత్తం బరువు చూస్తే 103 కిలోలు. పెద్ద బలం కాదు, కానీ మోయాల్సిన బరువు అంతకన్నా చిన్నది. దాని గుట్టంతా ఆ లెక్కలోనే ఉంది.

నడిపిన వాళ్లకు ఈ అంకెలు అక్కర్లేదు. పొద్దున్నే చోక్ లాగి సగం కిక్కు కొడితే చాలు, అందుకునేది. మొదటి గేరులో క్లచ్చు కాస్త తొందరపడి వదిలితే ముందు చక్రం నేల విడిచేది. రెండో గేరులో యాక్సిలేటర్ తిప్పితే సీటు మనల్ని వెనక నుంచి నెట్టినట్టుండేది. అప్పటిదాకా బస్సు వెనక పొగ మింగుతూ వెళ్లిన మనిషికి, ఒక్కసారి మణికట్టు తిప్పి ఆ బస్సును దాటేయడం అంటే ఏమిటో అది దాటిన వాళ్లకే తెలుసు. బైపాస్ రోడ్లు లేని రోజులు. ఊళ్ల మధ్య నుంచి, చింతచెట్ల కింద నుంచి, ఇరుకు వంతెనల మీద నుంచి వెళ్లే రోడ్లు. ఆ రోడ్లకు ఆ బండి సరిగ్గా సరిపోయింది.

పందేల వాళ్లు కూడా దాన్ని వెంటనే పట్టుకున్నారు. మద్రాసు దగ్గర శోళవరంలో పాత యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగే పోటీల్లో, తర్వాత ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద, సిలిండర్లు అరగదీసి, సైలెన్సర్లు మార్చి ఈ బండ్లను ఉరికించారు. ఆ సంగతులు మన ఊళ్లకు వచ్చేసరికి కథలైపోయేవి. ఫలానా షెడ్డులో చేయించిన బండి నూట ఇరవై కొట్టిందట అని ఒకరంటే, కళ్లారా చూశానని ఇంకొకరు అనేవాళ్లు.

కానీ దాన్ని నలుగురికీ దగ్గర చేసింది వేగం కన్నా దాని గొంతే అనుకుంటాను.

అది రెండు స్ట్రోకుల ఇంజను. అంటే పిస్టన్ ఒకసారి పైకి వెళ్లి కిందికి వచ్చేలోగా ఒక పేలుడు జరిగిపోతుంది. ఇవాళ మనం నడిపే నాలుగు స్ట్రోకుల బండ్లలో రెండు చుట్లకు ఒక్క పేలుడే. ఆర్‌ఎక్స్ ఇంజను నిమిషానికి 7,500 చుట్లు తిరిగేటప్పుడు తన పూర్తి బలం చూపిస్తుంది. సెకనుకు లెక్క వేస్తే 125 చుట్లు, 125 పేలుళ్లు. కచేరీలో మగ గాయకుడు ఒకటో శ్రుతి పెట్టుకుని కూర్చుంటే ఆయన షడ్జమం సెకనుకు 130 కదలికల దగ్గర పలుకుతుంది. మన బండి దానికి పిసరు కింద నిలబడుతుంది. అదే వేగంతో తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజను ఒక స్థాయి కిందికి దిగిపోయి గొణుగుతుంది. చెవి ఊరికే గుర్తుపట్టలేదు మరి. మనిషి గొంతు తిరిగే చోటే ఆ ఇంజనూ తిరిగింది.

ఇక్కడ యమహా కంపెనీ పుట్టుక గురించి చెప్పుకోవాలి. నాకు చాలా ఇష్టమైన కథ అది.

తొరకుసు యమహా అనే ఆయన గడియారాలు, వైద్య పరికరాలు బాగుచేసుకుంటూ బతికే మనిషి. 1887లో జపాన్‌లోని హమమత్సు అనే ఊళ్లో ఒక బడిలో విదేశం నుంచి తెప్పించిన రీడ్ ఆర్గన్ పాడైతే, బాగుచేయమని ఆయన్ని పిలిచారు. విప్పి చూశాడు, బాగుచేశాడు. అంతటితో ఊరుకోకుండా, ఇలాంటిది నేనే ఎందుకు చేయకూడదు అనుకున్నాడు. ఒక స్నేహితుడితో కలిసి ఆర్గన్ చేశాడు. అది ఎలా ఉందో చెప్పగలిగే సంగీత పండితులు టోక్యోలో ఉన్నారు. ఇద్దరూ దాన్ని కావడికి కట్టుకుని, భుజాల మీద మోస్తూ హకోనే కొండలు దాటి టోక్యో వెళ్లారు.

అక్కడి వాళ్లు వాయించి చూసి, శ్రుతి కుదరలేదు అన్నారు.

కొండలు దాటి మోసుకొచ్చిన మనిషికి ఆ మాట ఎలా ఉండి ఉంటుంది? ఆయన అలిగి వెళ్లిపోలేదు. అక్కడే ఉండి సంగీత శాస్త్రం నేర్చుకుని, మళ్లీ ఊరొచ్చి, రెండోది చేశాడు. అది కుదిరింది. వాద్యాల కంపెనీ అలా మొదలైంది. యుద్ధకాలంలో ఆ కంపెనీ విమానాల ప్రొపెల్లర్లు చేసింది. యుద్ధం అయిపోయాక ఆ యంత్రాలు ఖాళీగా ఉంటే, వాటితో ఏం చేద్దామని ఆలోచించి మోటారు సైకిళ్లలోకి దిగింది. 1955లో వచ్చిన మొదటి బండి వైఏ-1 కూడా రెండు స్ట్రోకులదే, 125 సీసీ. జపాన్ జనం దాన్ని ముద్దుగా ఎర్ర తూనీగ అని పిలిచారు. ఇవాళ్టికీ యమహా బండి ట్యాంకు మీద ఉండే గుర్తు చూడండి. అవి మూడు శ్రుతి దండాలు.

ఆర్‌ఎక్స్ ఇంజను లోపల కూడా రీడ్లున్నాయి. హార్మోనియం రీడ్లు గాలికి ఆడితే స్వరం పలుకుతుంది. ఇక్కడ కార్బ్యురేటర్‌కూ సిలిండరుకూ మధ్య పలచటి రేకులు ఉంటాయి. ఇంజను లోపలికి పీల్చినప్పుడు తెరుచుకుని పెట్రోలు గాలిని రానిస్తాయి, వెంటనే మూసుకుని వెనక్కి పోకుండా ఆపుతాయి. నెమ్మదిగా వెళ్లేటప్పుడు కూడా బండి అంత చురుగ్గా అందుకోవడానికి అవే కారణం. ఆర్గన్ బాగుచేసిన వాడి పేరు మోసే కంపెనీ బండిలో రీడ్లు ఉండటం కాకతాళీయమే కావచ్చు. నాకు మాత్రం అది తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

ఆ గొంతు ఇళ్లలో ఒక భాగమైపోయింది. వీధి మొదట్లో గేరు తగ్గించే తీరు వినే, "నాన్న వస్తున్నారు" అని పిల్లలు కేరమ్ బోర్డు వదిలేసి పుస్తకాలు తీసేవాళ్లు. వంటింట్లో ఉన్న ఆవిడ ఎసరు పెట్టేది. అదే వీధిలో మరో రెండు ఆరెక్స్‌లున్నా పొరపాటు పడేది కాదు. ఒక్కో బండిది ఒక్కో గొంతు. ఒకరు కార్బ్యురేటర్ కాస్త పలచగా పెట్టించుకుంటారు, ఇంకొకరి సైలెన్సరులో కార్బన్ పేరుకుని ఉంటుంది. రాత్రి పొద్దుపోయినా బండి చప్పుడు రాకపోతే ఆ ఇంట్లో దీపం ఆరేది కాదు.

ఎవరెవరు నడిపారు దాన్ని! పల్లెలకు వెళ్లే పశువుల డాక్టరు. సంచి నిండా మందుల శాంపిళ్లతో తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్. మిర్చి యార్డుకు తెల్లారేసరికి చేరాల్సిన కమిషన్ వ్యాపారి. హాస్టలు కుర్రాళ్లు, ఒక్క బండికి ఎనిమిది మంది వారసులు, పెట్రోలు మాత్రం ఎవరికి వారే. కొత్తగా పెళ్లయి మొదటిసారి వెనక కూర్చున్న అమ్మాయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక సీటు వెనక కడ్డీని పట్టుకున్న అమ్మాయి, ఇప్పుడు అమ్మమ్మ అయి ఉంటుంది.

దాని చుట్టూ అన్నీ తీపి జ్ఞాపకాలే ఉన్నాయని చెప్పలేం. కొన్ని ఇళ్లలో పెళ్లి మాటల దగ్గర ఈ బండి పేరు కూడా వచ్చింది. అల్లుడి సరదా తీర్చడానికి అప్పు చేసిన తండ్రి చెవికి ఆ చప్పుడు వేరేగా వినిపించి ఉంటుంది. హెల్మెట్ పెట్టుకునే అలవాటు లేని రోజులు. అంత ఉరికే బండికి ఉన్నవి డ్రమ్ము బ్రేకులు. దాదాపు ప్రతి ఊరికీ ఒక కుర్రాడి పేరు గుర్తుంది. ఆ మలుపు దగ్గరకు వచ్చినప్పుడు ఆ ఈడు వాళ్లు ఇప్పటికీ ఒకసారి అటు చూస్తారు. ఆ ఇళ్ల వాళ్లు ఈ చప్పుడు వింటే ఏమనుకుంటారో మనం అడగకూడదు.

పొగ సంగతి కూడా అంతే. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో పాటు నూనె కూడా కాలిపోవాలి. సైడు డబ్బా వెనక చిన్న ట్యాంకులో టూటీ ఆయిల్ పోస్తే, పంపు దాన్ని కొంచెం కొంచెంగా ఇంజనుకు అందిస్తుంది. కాలిన నూనె నీలిరంగు పొగై వెనక నుంచి వస్తుంది. ఆ వాసన కొందరికి యవ్వనం. వెనక సైకిలు మీద వచ్చే వాడికి మాత్రం దగ్గే. తొంభైల్లో పొగ నిబంధనలు బిగుసుకున్నాయి, 1996లో ఇంకా బిగిశాయి. ఆర్‌ఎక్స్ 100 ఆ ఏడాదే సెలవు తీసుకుంది.

దాని తమ్ముళ్లు, 135 సీసీ బండ్లు, ఇంకొన్నాళ్లు నడిచాయి. అయిదు గేర్లతో కూడా వచ్చాయి. 2005 ప్రాంతానికి అవీ ఆగిపోయాయి. ఈలోగా ఎస్కార్ట్స్ తన వాటా వదులుకుంది, 2001 కల్లా కంపెనీ పూర్తిగా యమహాదే అయింది. 2008లో ఆర్15 వచ్చింది. 150 సీసీ, నీళ్లతో చల్లబడే ఇంజను, ఆరు గేర్లు, పందెపు బండి ఒడ్డూ పొడుగూ. నాన్న ఆరెక్స్ నడిపితే కొడుకు ఆర్15 కొన్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. అది అన్ని విధాలా మంచి బండి. ఆగమంటే ఆగుతుంది, పొగ రాదు, పొద్దున్నే బటన్ నొక్కితే చాలు.

అయినా కొడుకులు వెనక్కి తిరిగి నాన్న బండి వైపు చూస్తున్నారు. అదే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

2018లో అజయ్ భూపతి తీసిన సినిమాకు ‘ఆర్‌ఎక్స్ 100’ అని పేరు పెట్టారు. గోదావరి పల్లెలో కథ. కార్తికేయ ఆ బండి మీద కనిపిస్తాడు. అప్పటికి బండి తయారీ ఆగిపోయి ఇరవై రెండేళ్లు. హాల్లో ఈలలు వేసిన కుర్రాళ్లలో చాలామంది అది ఆగిపోయాక పుట్టిన వాళ్లే. షోరూములో దాన్ని చూసి ఎరగరు, వెనక కూర్చుని ఎరగరు. అయినా ఆ పేరు తెర మీద పడగానే వాళ్లకు సొంతమైన దాన్ని చూసినట్టే అనిపించింది.

ఇప్పుడు మంచి స్థితిలో ఉన్న ఆర్‌ఎక్స్ కావాలంటే లక్ష దాటి అడుగుతున్నారు. కొనే వాళ్లు ముందు వంగి ఇంజను నంబరు చూస్తారు. అది "వన్ ఎల్ వన్" అని మొదలవ్వాలి. సైలెన్సరు మీద కూడా ఆ గుర్తు ఉంటే వాళ్ల మొహం వెలిగిపోతుంది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజారులో గురువారం నాడు, పాత ఇనుము రాశుల మధ్య, ఒక సైడు డబ్బా కోసమో మీటరు కోసమో మోకాళ్ల మీద కూర్చుని వెతికే కుర్రాళ్లు కనిపిస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో అయితే ఎవరి దగ్గర ఏది దొరుకుతుందో చెప్పే వాళ్లు వేరే ఉంటారు.

వస్తువు దొరికినా దాన్ని బిగించే చెయ్యి కావాలి. అది దొరకడమే కష్టమవుతోంది.

ప్రతి పట్నంలోనూ అలాంటి షెడ్డు ఒకటి ఉంటుంది. రేకుల కప్పు, నేలంతా నూనెతో నల్లబడి ఉంటుంది, గోడ మీద దేవుడి పటమో దర్గా ఫొటోనో, పక్కన స్పానర్లు వరసగా. ముందు ఒక అరవై ఏళ్ల మనిషి పీట వేసుకుని కూర్చుని ఉంటాడు. కాలేజీ కుర్రాడు బండి ఆపి, "బాబాయ్, పికప్ పోయింది. అరవై దాటడం లేదు" అంటాడు. ఆయన లేవడు. "ఆపకు. ఒకసారి రేజ్ చెయ్యి," అంటాడు. రెండు సెకన్లు వింటాడు. "ఇంజనుకేం లేదురా అబ్బాయ్. కార్బన్ పట్టింది. సైలెన్సరు కాల్చాలి."

తర్వాత పని మొదలవుతుంది. సైలెన్సరు విప్పి, చివర స్క్రూ తీసి, లోపలి గొట్టాన్ని పట్టకారుతో లాగుతాడు. తారులాంటి నల్లటి జిడ్డు అంటుకుని వస్తుంది. దాన్ని మంట మీద పెడతాడు. ముందు చిక్కటి పొగ, తర్వాత చిన్న మంట, చివరకు నల్లదనం పొట్టుపొట్టుగా రాలిపోతుంది. ఇనుప తీగతో గీకి, నేల మీద రెండు దెబ్బలు కొట్టి, కన్ను దగ్గర పెట్టుకుని అటు చివర వెలుతురు కనిపిస్తోందో లేదో చూస్తాడు.

ఆ సైలెన్సరు పొగ బయటికి పంపే ఉత్త గొట్టం కాదు. దాని పొట్ట లావు, మెడ సన్నం, అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. బయటికి పోయే పేలుడు అల ఆ పొట్టలో తగిలి వెనక్కి వచ్చి, తప్పించుకోబోతున్న కొత్త పెట్రోలు గాలిని మళ్లీ సిలిండరులోకి నెడుతుంది. అందులో కార్బన్ నిండితే ఆ లెక్క తప్పుతుంది, బండి నీరసపడుతుంది. ఆయన ఈ శాస్త్రం పుస్తకంలో చదివి ఉండడు. కానీ రెండు సెకన్లు విని చెప్పగలడు. తిరిగి బిగించి, ఒక్క కిక్కు కొట్టి, యాక్సిలేటర్ తిప్పుతాడు. కుర్రాడి మొహం చూడాలి అప్పుడు.

పిస్టన్ పట్టేసిన బండ్లు కూడా ఆయన దగ్గరకే వస్తాయి. టూటీ ఆయిల్ అయిపోయింది చూసుకోకుండా నడిపితే, మాడిన దోసె పెనానికి అంటుకున్నట్టు పిస్టన్ సిలిండరు గోడకు అతుక్కుపోతుంది. అప్పుడు ఇంజను దింపాలి, సిలిండరు బోరు చేయించాలి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయాలి. పనయ్యాక ఆయన చెప్పే మాట ఎక్కడైనా ఒకటే: "అయిదొందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు. మొదట్లో తొందర పెట్టకు."

ఎన్ని పనులుండేవి ఆ బండికి! ఆదివారం పొద్దున ప్లగ్గు తీసి, ఉప్పు కాగితంతో గీకి, మొన మీద రంగు చూడాలి. గోధుమ రంగైతే బాగున్నట్టు, నల్లగా తడిగా ఉంటే తేడా ఉన్నట్టు. ఆయిల్ చూడాలి. చెయిన్ బిగించాలి. కార్బ్యురేటర్ విప్పి ఊదాలి. ట్యాంకు కింద పెట్రోలు కాక్ రిజర్వులో మరిచిపోకుండా వెనక్కి తిప్పాలి. ఇన్ని చేసినా ఏదో ఒక రోజు వర్షంలో మొరాయిస్తుంది. అప్పుడు తోసుకుంటూ వెళ్లాలి. తోసుకుంటూ వెళ్తున్న వాణ్ని చూసి ముక్కూ మొహం తెలియని వాడు ఆగి, "ప్లగ్గు చూశావా అన్నా?" అని అడిగేవాడు. తన సంచిలోంచి పాత ప్లగ్గు తీసి ఇచ్చి, పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయేవాడు.

బహుశా మమకారం అక్కడే మొదలైందేమో. మనకు చాకిరీ చేసిన వస్తువులను మరిచిపోతాం. మన చేత చాకిరీ చేయించుకున్న వాటిని మరిచిపోలేం. పిల్లల విషయంలోనూ, పెరట్లో పెంచిన చెట్ల విషయంలోనూ ఇది మనకు తెలిసిన సంగతే. బండి విషయంలోనూ అదే జరిగింది. చేతులకు నూనె అంటింది, గోళ్లలో నలుపు మిగిలింది, వేలు ఎప్పుడో ఒకసారి కాలింది. ఆ మచ్చతో పాటు ప్రేమ కూడా మిగిలిపోయింది.

ఇవాళ్టి బండ్లు మనల్ని ఏమీ అడగవు. సర్వీసు రోజున ఫోనుకు సందేశం వస్తుంది, వాళ్లే తీసుకెళ్తారు, వాళ్లే తెచ్చి ఇస్తారు. ఇంజను ఎక్కడుందో కూడా చూడకుండా బండిని మార్చేయవచ్చు. అది సుఖమే, కాదనను. పొగ లేని గాలి మన మనవలకు దక్కడం అన్నిటికన్నా మంచిదే. కానీ ఆర్15 నడిపే ఇరవై ఏళ్ల కుర్రాడు లక్ష పోసి నాన్న కాలం బండి కొని, ఆదివారాలు దాని ముందు చతికిలబడి కూర్చుంటున్నాడంటే, అతనికి వేగం కన్నా వేరే ఏదో కావాలని అర్థం. తన చేత్తో విప్పి, తన చేత్తో బిగించి, తన చెవితో విని, "ఆ, ఇప్పుడు కుదిరింది" అనుకోవడం కావాలి. హమమత్సులో ఆ బడి ఆర్గన్ ముందు కూర్చున్న మనిషికి కూడా కావలసింది అదే అయి ఉంటుంది.

మీ ఇంటి మెట్ల కిందో, పెరటి షెడ్డులోనో గోనె సంచి కప్పుకుని ఒక ఆరెక్స్ ఉండి ఉంటే తూకానికి మాత్రం వేయకండి. బీరువాలో ఆర్‌సీ కాగితం వెతకండి. పదిహేనేళ్లు దాటిన బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ పని చూడండి. మీ ఊళ్లో ఆ పాత మెకానిక్ ఇంకా షెడ్డు తెరుస్తున్నాడేమో కనుక్కోండి. తెరుస్తుంటే బండిని ఈ ఏడాదే ఆయన దగ్గరకు తీసుకెళ్లండి. ఆ రోజు మీ అబ్బాయినో అమ్మాయినో వెంట పంపండి. ఆయన "పన్నెండు స్పానరు అందుకో" అన్నప్పుడు అందించడానికి పక్కన ఒకరుండాలి.